“నొప్పి లేదు” అంటే లేనట్టేనా? వృద్ధాశ్రమాల్లో నొప్పి: అపోహలు - వాస్తవాలు

తెలుగునాట నర్సింగ్ హోమ్ అనగానే వీధి మలుపులో ఉండే చిన్న ప్రైవేటు ఆసుపత్రి గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పేది దాని గురించి కాదు. పెద్దవాళ్లు నెలలు, ఏళ్లు ఉండిపోయే వృద్ధాశ్రమాలు, ఎల్డర్ కేర్ హోమ్‌ల గురించి. అక్కడ చాలాచోట్ల మంచం దగ్గర బీపీ, షుగర్, విరేచనం రాసే చార్టు ఉంటుంది. నొప్పికి మాత్రం గడి ఉండదు. గడి లేదు కాబట్టి ఎవరూ అడగరు, అడగరు కాబట్టి డాక్టరు దాకా వెళ్లదు. ఆ గడి నింపాల్సిన సిస్టర్లకూ, ఆయాలకూ, అమ్మనో నాన్ననో అక్కడ ఉంచిన పిల్లలకూ పనికొచ్చే విషయాలివి.

అపోహ: వయసు మీదపడ్డాక నొప్పులు మామూలే.

తల నెరవడం వయసు వల్ల వస్తుంది. నొప్పి అలా రాదు, దాని వెనక ఓ జబ్బు ఉంటుంది. అరిగిన మోకీలు, విరిగిన వెన్నుపూస, షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు, పుచ్చిన పన్ను, మంచపుండు, పక్షవాతం వచ్చినవైపు జారిన భుజం, వీటిలో ప్రతిదానికీ వేరే వైద్యం ఉంది. “మామూలే” అనగానే వెతకడం ఆగిపోతుంది. నొప్పి ఉన్న మనిషి కదలడు, కదలకపోతే కీళ్లు బిగుసుకుంటాయి, బిగుసుకున్న కీలు ఇంకా నొప్పెడుతుంది. నిద్ర, తిండి రెండూ తగ్గుతాయి.

అపోహ: నొప్పి ఉంటే వాళ్లే చెబుతారు.

గుమ్మంలో నిలబడి “ఎలా ఉన్నారు తాతగారూ?” అంటే “ఆఁ, బానే ఉన్నానమ్మా” అనే వస్తుంది. చెబితే పిల్లలకు ఫోన్ చేస్తారు, ఆసుపత్రి అంటారు, ఖర్చు అంటారు. అందరికీ భారమైపోయామనే బెంగ ఉన్న మనిషి నొప్పిని దాచుకుంటాడు.

ఇంకో కారణం మాటలోనే ఉంది. మన పెద్దవాళ్లకు ‘నొప్పి’ అనేది ఒక్క మాట కాదు. కాళ్లు పీకుతాయి, పుండు సలుపుతుంది, కడుపు మెలిపెడుతుంది, నడుం పట్టేస్తుంది, నరం గుంజుతుంది, అరికాలు మండుతుంది, కీలు కలుక్కుమంటుంది. “నొప్పి ఉందా?” అంటే “లేదు” అన్న అమ్మమ్మగారే “రాత్రిళ్లు కాళ్లు ఏమన్నా పీకుతున్నాయా?” అంటే “అబ్బో, తెల్లార్లూ” అంటారు. ఆవిడ అన్న మాటనే చార్టులో రాయండి, దాన్ని ‘పెయిన్’గా మార్చకండి. మంట, జివ్వుమనడం, సూదులు గుచ్చినట్టుండటం నరాల నొప్పిని సూచిస్తాయి, దానికి పారాసిటమాల్ పెద్దగా పనిచేయదు. పీకడం, తీపులు ఎక్కువగా కీళ్లూ కండరాలవి. మెలిపెట్టడం పేగులది, అప్పుడు ముందు చూడాల్సింది విరేచనం ఎన్నాళ్ల నుంచి కాలేదన్నది. సలుపు ఉంటే ఎక్కడో చీము పట్టిందేమో చూడాలి.

అడిగే ముందు కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టండి. ఎదురుగా కూర్చోండి. “ఈ వారం ఎలా ఉంది?” అని కాదు, “ఇప్పుడు, ఈ క్షణం ఎక్కడన్నా బాధగా ఉందా? చేత్తో చూపించండి” అని అడగండి. అడిగాక కనీసం అర నిమిషం నోరు మెదపకుండా ఆగండి. చాలామంది సిస్టర్లు తొందరలో జవాబు కూడా తామే చెప్పేస్తారు. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమంటే చదువుకున్నవాళ్లు కూడా కొందరు తడబడతారు. 1957లో పైసలు రాకముందు అణాల్లో లెక్కపెట్టిన తరమిది. “నిండు రూపాయి అంటే భరించలేనంత నొప్పి అనుకోండి, ఇప్పుడు పావలానా, అర్ధరూపాయా, ముప్పావలానా?” అంటే ఇట్టే చెబుతారు. పరిశోధకులు తూచిన స్కేలు కాదిది. అయినా ఒకే మనిషిని రోజూ ఒకే కొలతతో అడిగితే మందు పనిచేసిందో లేదో తెలుస్తుంది. సోమవారం అంకెతో, మంగళవారం రూపాయితో, బుధవారం బొమ్మలతో అడిగితే మాత్రం ఏమీ తెలియదు.

అపోహ: మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లకు నొప్పి అంతగా తెలియదు.

తెలుస్తుంది. చెప్పే దారి మూసుకుపోతుందంతే. డిమెన్షియా తొలి, మధ్య దశల్లో ఉన్న చాలామంది సూటిగా అడిగితే చెప్పగలరు కూడా, కాబట్టి ముందు వాళ్లనే అడగాలి. మాట పూర్తిగా పోయినవాళ్ల కోసం 2003లో అమెరికాలో తయారైన పెయినాడ్ స్కేలు ఉంది. అయిదు నిమిషాలు గమనించి, అయిదు విషయాలకు ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు వేస్తారు. మొత్తం పది.

శ్వాస మామూలుగా ఉంటే 0, అప్పుడప్పుడూ ఆయాసపడితే 1, శబ్దం చేస్తూ ఎక్కువసేపు ఎగపోస్తే 2. గొంతు: మౌనంగా ఉంటే 0, అడపాదడపా మూలిగితే 1, పదేపదే అరిచినా, ఏడ్చినా 2. ముఖం ప్రశాంతంగా ఉంటే 0, దిగులుగా, భయంగా, నొసలు ముడిచి ఉంటే 1, బాధతో ముఖమంతా వంకరపోతే 2. ఒళ్లు వదులుగా ఉంటే 0, బిగబట్టుకున్నా, అస్థిమితంగా కదులుతున్నా 1, పిడికిళ్లు బిగించి మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నా, చేతులు విదిలించి కొట్టినా 2. ఓదార్పు అవసరమే లేకపోతే 0, పలకరిస్తేనో నిమిరితేనో కుదుటపడితే 1, ఏం చేసినా ఊరుకోకపోతే 2. మామూలుగా 1-3 తక్కువ నొప్పి, 4-6 మధ్యస్థం, 7 నుంచి 10 వరకు తీవ్రం అని తీసుకుంటారు.

ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మంచం మీద కదలకుండా పడుకున్నప్పుడు చూసి 0 వేసేస్తారు. చూడాల్సింది స్నానం చేయించేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు, మంచం మీంచి కుర్చీలోకి దించేటప్పుడు. పక్కకు తిప్పగానే ఆవిడ చేయి వెళ్లి మంచం కడ్డీని పట్టుకుంటుంది, వేళ్ల కణుపులు తెల్లబడతాయి, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ వదులవుతుంది. ఇదంతా మూడు సెకన్లలో అయిపోతుంది. ఆ సమయంలో ఆయా కళ్లు డైపర్ మీద ఉంటాయి. అందుకే తిప్పేది ఒకరైతే ముఖం చూసేది ఇంకొకరు కావాలి. విశ్రాంతిలో ఒక స్కోరు, కదిలించినప్పుడు ఒక స్కోరు, రెండూ రాయాలి.

కొందరిలో స్కేలే మోసం చేస్తుంది. పార్కిన్సన్స్ ఉన్నవారి ముఖంలో భావం కనపడదు, కాబట్టి ముఖానికి 0 వచ్చినా నమ్మకూడదు. పాత ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి శ్వాస మార్కు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది. అందుకని ఆ మనిషి నిమ్మళంగా ఉన్న రోజు స్కోరు ఎంతో ముందే రాసి పెట్టుకోవాలి. పోలిక దానితోనే, పక్క మంచం వారితో కాదు.

అపోహ: అరుస్తున్నారు, కొడుతున్నారు, మత్తు మాత్ర వేస్తే సరి.

దీనివల్ల జరిగే అన్యాయం అంతా ఇంతా కాదు. నార్వేలో 18 నర్సింగ్ హోమ్‌లలో, డిమెన్షియా ముదిరి అలజడిగా ఉన్న 352 మందితో జరిగిన అధ్యయనం 2011లో వెలువడింది. ఒక వర్గానికి ఎనిమిది వారాలు మెట్టు మెట్టుగా నొప్పి వైద్యం చేశారు. చాలామందికి ఇచ్చింది ఒట్టి పారాసిటమాలే. రెండో వర్గంతో పోలిస్తే వాళ్లలో అలజడి 17 శాతం తగ్గింది. అరుపును పిచ్చి కింద కట్టేసి మత్తిస్తే అరుపు ఆగుతుంది, నొప్పి ఆగదు. పైగా తూలి పడటం, మింగలేకపోవడం మొదలవుతాయి.

కొత్తగా తిరగబడినా, తిండి మానేసినా, స్నానానికి రానన్నా మాత్ర జోలికి వెళ్లే ముందు తల నుంచి పాదం దాకా చూడండి. నోట్లో పన్ను, కట్టుడు పళ్ల కింద పుండు. పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉంటే మూత్రం ఆగిందేమో, మూత్రం గొట్టం (క్యాథెటర్) మడతపడిందేమో. మలం గట్టిపడి అడ్డుపడితే పక్కనుంచి నీళ్లలా కారుతుంది, దాన్ని విరేచనాలనుకుని ఆపే మందు ఇస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. తర్వాత పిర్రలు, మడమలు, కాలిగోళ్లు. పడిన సంగతి ఎవరూ చూడకపోయినా ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగి ఉండొచ్చు. నడిపించకుండా ఎక్స్‌రేకి పంపాలి. ఒంటికి ఒకవైపే పట్టీలా మంట, ఎర్రటి పొక్కులు ఉంటే అది అక్కి. అక్కి రాయించే అలవాటు ఉన్న కుటుంబమైతే రాయించుకోనివ్వండి, కానీ వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ మేలు. ఆ గడువు దాటనివ్వకండి.

అపోహ: “ఎస్ఓఎస్” అని రాసి ఉంది కదా, చాలు.

ఎస్ఓఎస్ అంటే అడిగితే ఇచ్చేది. అడగలేని మనిషికి ఎస్ఓఎస్ రాయడమంటే ఇవ్వొద్దని రాసినట్టే. రోజూ ఉండే నొప్పికి మందు కూడా రోజూ వేళకు పడాలి. డాక్టరును అడిగి వేళలు రాయించుకోండి. పారాసిటమాల్ మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. స్నానం ఏడున్నరకైతే మాత్ర ఆరు ముప్పావుకు వేయాలి. స్నానం అయ్యాక టిఫిన్‌తో వేస్తే ఆ రోజుకి నొప్పి పడాల్సిందంతా పడిపోయాకే.

లెక్క కూడా ముఖ్యం. 650 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడైతే 1,950, నాలుగైతే 2,600. గట్టి మనిషికి గరిష్ఠం 4,000 అని పుస్తకాల్లో ఉంటుంది గానీ, 50 కిలోల కంటే తక్కువ బరువున్నా, సరిగా తినకపోయినా, కాలేయం బాగోకపోయినా అంత ఇవ్వరు, డాక్టరు తగ్గించి రాస్తారు. జలుబు మాత్రల్లో, ట్రమడాల్ కలిసిన మాత్రల్లో, అసెక్లోఫెనాక్ కలిసిన మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది. వాటినీ కలిపి కూడాలి.

మందు ఇచ్చిన గంటకు మళ్లీ స్కోరు చూసి రాయండి. అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసే పని ఇదే. ఆ అంకె లేకపోతే మోతాదు పెంచాలో, మందు మార్చాలో డాక్టరుకు తెలిసే దారి లేదు.

ముక్కు గొట్టం ఉన్నవారికి మాత్ర నూరే ముందు అట్ట మీద ఎస్ఆర్ అని ఉందేమో చూడండి. రోజంతా మెల్లగా విడుదలవ్వాల్సిన మందు నూరితే ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. సిరప్ రాయించుకోవడం మేలు.

అపోహ: డైక్లో సూది వేస్తే ఏ నొప్పైనా పోతుంది.

డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి ముసలివారిలో కడుపులో రక్తస్రావం తెస్తాయి, బీపీ పెంచుతాయి, కాళ్ల వాపు తెస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. సూదిగా ఇస్తే కడుపుకు ఏమీ కాదనుకోవడం పొరపాటు, రక్తంలోంచి కూడా ఆ పనే చేస్తాయి. టెల్మిసార్టన్ లాంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువ పోయించే మాత్ర వేసుకుంటున్న మనిషికి ఇవి కూడా కలిస్తే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. ఎండాకాలంలో నీళ్లు తక్కువ తాగే రోజుల్లో మరీను.

మోకాలు, వేళ్ల కీళ్ల నొప్పికైతే డైక్లోఫెనాక్ జెల్ మంచిది, ఒంట్లోకి చాలా తక్కువ వెళ్తుంది. కానీ బఠాణీ గింజంత రాసి పని చేయలేదనుకుంటారు. వేలి చివరి కణుపు పొడవునా పిండితే సుమారు అర గ్రాము. మోకాలికి కనీసం నాలుగు కణుపులంత కావాలి. రాసినచోట కాపడం పెట్టకూడదు.

అపోహ: మార్ఫిన్ అంటే ఇక చివరి ఘడియలే. పైగా అలవాటు పడిపోతారు.

క్యాన్సర్ నొప్పికి, వేరే మందులకు లొంగని తీవ్రమైన నొప్పికి ఇచ్చే మందిది, మరణానికి ముహూర్తం కాదు. ముసలివారికి మామూలుగా 2.5 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ పెంచుతారు. కిడ్నీ బాగోనివారిలో ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి మగత, కండరాలు ఉలికిపడటం కనిపిస్తే వెంటనే చెప్పాలి. 2014లో మత్తుమందులను నియంత్రించే ఎన్‌డీపీఎస్ చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు మార్ఫిన్ తెచ్చుకోవడం మునుపటికన్నా తేలికైంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ (ఉపశమన వైద్యం) విభాగాన్ని సంప్రదించవచ్చు.

అసలు బాధ మలబద్ధకంతో వస్తుంది, అది తనంతట తాను తగ్గదు. కాబట్టి మార్ఫిన్ మొదలుపెట్టిన రాత్రే బిసకోడిల్ లాంటి విరేచన మాత్ర కూడా రాయించుకోవాలి. ఇసబ్‌గోల్ ఇక్కడ పనికిరాదు, నీళ్లు సరిగా తాగని మనిషిలో అదే పేగుకు అడ్డుపడుతుంది. ఇంకో మాట: మార్ఫిన్‌కు భయపడి ట్రమడాల్‌ను ఉత్త నొప్పి మాత్రలా వాడేస్తుంటారు. వాంతులు, తికమక, ఒక్కోసారి ఫిట్స్ కూడా దానివల్ల రావచ్చు. డిప్రెషన్ మాత్రలు వాడేవారికి ఇచ్చే ముందు డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

అపోహ: కాపడం పెడితే పోయేదేముంది?

షుగర్‌తో పాదాలు మొద్దుబారినవారికి చర్మం కాలినా తెలియదు. వేడినీళ్ల సంచీని తువ్వాల్లో చుట్టి, ముందు మీ ముంజేతి మీద చూసుకుని, 15-20 నిమిషాలకు మించకుండా పెట్టండి, మధ్యలో చర్మం చూడండి. పక్షవాతం వచ్చిన చేతిని పట్టుకుని గానీ, చంకల్లో చేతులు వేసి గానీ లేపకండి. నడుము చుట్టూ బెల్టు పట్టుకుని లేపితే భుజం నొప్పి వచ్చే ముప్పు తగ్గుతుంది.

అపోహ: అదంతా డాక్టరుగారు చూసుకుంటారు.

డాక్టరు వారానికోసారి వచ్చి పది నిమిషాలు ఉంటారు, అప్పటికి ఆవిడ పడుకుని ఉంటుంది. కదిలించినప్పుడు చూసింది ఆయా. ఆమె చూసింది ఫోన్‌లో చెప్పగలగాలి. “అమ్మగారికి బాగోలేదు సార్” అంటే “పారాసిటమాల్ ఇవ్వండి” అని పెట్టేస్తారు. ఇలా చెప్పండి: “సార్, నాలుగో నంబరు గదిలో అమ్మగారు, 82 ఏళ్లు, 44 కిలోలు, డిమెన్షియా. మూడు రోజుల నుంచి కుడివైపు తిప్పితే అరుస్తున్నారు. పడుకున్నప్పుడు పెయినాడ్ 1, తిప్పినప్పుడు 6. నిన్న ఆరు ముప్పావుకు పారాసిటమాల్ 500 ఇస్తే గంటకు 5 అయింది, అంతకంటే తగ్గలేదు. విరేచనం నిన్న అయింది, మూత్రం వస్తోంది, జ్వరం లేదు. పడ్డట్టు ఎవరూ చూడలేదు గానీ కుడి తుంటి ముట్టుకోనివ్వడం లేదు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పోయిన నెల 1.6. ఎక్స్‌రేకి పంపమంటారా?”