చేపల తొట్టిలో మొక్కలకు గ్యాస్: తిరుపతి ఎండకు తట్టుకునే సెట్టు ఏది?

బడిలో హైడ్రిల్లా ప్రయోగం చూడనివాళ్లు తక్కువ. బీకరు నీళ్లలో మొక్క, దాని మీద గరాటు, ఆపైన బోర్లించిన పరీక్షనాళిక. ఎండలో పెట్టగానే కాండం తెగిన చోటు నుంచి సన్నటి బుడగలు వరుసగా లేస్తాయి. ఆ నీళ్లలో టీచరు చిటికెడు వంటసోడా వేయించేది మొక్కకు కార్బన్ అందాలనే. నీళ్లలో మొక్కకు ముందుగా కరువయ్యేది చాలాసార్లు అదే.

కార్బన్ డయాక్సైడ్ గాలిలో కన్నా నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. గాలి తగిలేలా వదిలేసిన నీళ్లలో అది లీటరుకు అర మిల్లీగ్రాము చుట్టుపక్కలే ఉంటుంది. మొక్కల అక్వేరియం పెట్టేవాళ్లు సీసానో సిలిండరో పెట్టి ఈ గ్యాస్‌ను నీళ్లలోకి పంపి, దాన్ని 20 నుంచి 30 మిల్లీగ్రాముల దాకా తీసుకెళ్లాలని చూస్తారు. అయితే అందరికీ ఈ సామాను అక్కర్లేదు. అనుబియాస్, జావా ఫెర్న్ గ్యాస్ లేకుండానే బతుకుతాయి. హైడ్రిల్లా, వాలిస్నేరియా నీటిలోని బైకార్బొనేట్ నుంచే కార్బన్ లాక్కుంటాయి, కాబట్టి గట్టి నీళ్లున్న ఇళ్లలో అవి హాయిగా పెరుగుతాయి. ఎర్ర రోటాలాలు, నేలంతా పరుచుకునే గడ్డిజాతి మొక్కలు కావాలంటేనే గ్యాస్ సంగతి ఆలోచించాలి.

గ్యాస్ బాగా వదిలే సెట్టు దొరకడం తేలికే. అనుకున్న వేళకు ఆగేది, రోజూ ఒకేలా వదిలేది కావాలి. తిరుపతిలో ఇది మరీ ముఖ్యం. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 32 డిగ్రీలకు అది 7.3కి పడిపోతుంది. పైగా రాత్రిపూట మొక్కలు కూడా చేపల్లాగే ఆక్సిజన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ వేళ మనం కూడా గ్యాస్ పంపిస్తూ ఉంటే, తెల్లారేసరికి చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉంటాయి.

చక్కెర, ఈస్ట్ కలిపిన సీసా ఖర్చు తక్కువే. కానీ దానికి స్విచ్ ఉండదు. గది వేడెక్కేకొద్దీ పులియడం జోరందుకుంటుంది, చక్కెర అయిపోవస్తుంటే నీరసిస్తుంది. చేపలున్న ట్యాంకుకు ఎండాకాలంలో నేనైతే దాన్ని పెట్టను. నిమ్మ ఉప్పు, వంటసోడా కిట్టు ఇంతకన్నా నయం. 192 గ్రాముల నిమ్మ ఉప్పు, 252 గ్రాముల సోడా పూర్తిగా కలిస్తే 132 గ్రాముల గ్యాస్ వస్తుంది. రెండడుగుల ట్యాంకుకు ఇది సరిపోయే పద్ధతే. కాకపోతే కూల్‌డ్రింక్ సీసాలు వద్దు. సేఫ్టీ వాల్వ్ ఉన్న స్టీలు పాత్రే తీసుకోండి.

ట్యాంకు అంతకన్నా పెద్దదైతే సిలిండరే. సోడా కొట్టేవాళ్లు వాడేదీ ఈ గ్యాసే కాబట్టి, వాళ్లు ఎక్కడ నింపించుకుంటారో అడిగితే దారి దొరుకుతుంది. పాత ఫైర్ సిలిండర్ చవగ్గా వస్తుందని మాత్రం తెచ్చుకోకండి. దాని లోపల అడుగుదాకా గొట్టం ఉంటుంది, వాల్వ్ తిప్పితే గ్యాస్ బదులు ద్రవం ఎగదన్ని రెగ్యులేటర్‌ను పాడు చేస్తుంది.

సిలిండర్లో ఎక్కువ భాగం ద్రవమే. అందుకే గేజ్ ముల్లు గది వేడిని చెబుతుంది తప్ప, ఎంత మిగిలిందో చెప్పదు. లోపలి ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 డిగ్రీల దగ్గర 72 బార్. 31 డిగ్రీలు దాటితే ద్రవం, వాయువు అనే తేడాయే ఉండదు. ఆపైన ఒత్తిడి ఎంత పెరుగుతుందో సిలిండర్ ఎంత నిండా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. మే నెలలో మన గదులు రోజూ దాటే వేడి ఇది. బాల్కనీలో, కిటికీ ఎండలో సిలిండర్ పెట్టకూడదు, నిండా కుక్కి నింపించకూడదు. తలుపులు మూసిన పదడుగుల గదిలో రెండు కిలోల గ్యాస్ మొత్తం లీకైతే గాలిలో దాని వాటా నాలుగు శాతం దగ్గరకు వస్తుంది. మనిషికి అది ప్రాణాంతకం కావచ్చు. ప్రతి జాయింటుకూ సబ్బునీళ్లు రాసి చూడండి.

డబ్బు పెట్టాల్సింది రెగ్యులేటర్ మీద. సిలిండర్ ఖాళీ అవుతూ లోపలి ఒత్తిడి పడిపోయేటప్పుడు, ఒత్తిడిని ఒకే మెట్టులో తగ్గించే సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్లలో కొన్ని ఉన్నట్టుండి ఎక్కువ గ్యాస్ వదిలేస్తాయి. రెండు మెట్లలో తగ్గించే డబుల్ స్టేజ్‌లో ఆ బెడద బాగా తక్కువ. దానికి బుడగలను సరిచేసుకునేందుకు సన్నగా తిరిగే నీడిల్ వాల్వ్, కరెంటు పోగానే మూసుకునే రకం సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వ్), టైమర్, నీళ్లు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ కావాలి. గ్యాస్‌ను నీళ్లలోకి బుడగలుగా వదిలే డిఫ్యూజర్ విషయానికొస్తే, దాని బుడగ పొగమంచంత సన్నగా ఉంటే చాలు, అందం కోసం ఎక్కువ పెట్టక్కర్లేదు. సిలికాన్ ట్యూబు గోడల్లోంచి గ్యాస్ పోతుంది కాబట్టి పాలీయురేథేన్ ట్యూబు తీసుకోండి.

ఇక నీళ్లలో గ్యాస్ ఎంతుందో రంగుతో చూపే డ్రాప్ చెకర్. గాజు బుడ్డిలో రంగు మందు: నీలం ఉంటే గ్యాస్ చాలలేదు, ఆకుపచ్చైతే సరిపోయింది, పసుపైతే ప్రమాదం. ఈ లెక్క కార్బొనేట్ గట్టిదనం 4 డిగ్రీలున్న (ఇక్కడ డిగ్రీ అంటే వేడి కాదు, గట్టిదనం కొలత) ద్రావణానికే. చాలామంది అందులో ట్యాంకు నీళ్లే పోసేస్తారు. బకెట్ అంచున తెల్లటి పొర కట్టే బోరు నీళ్ల గట్టిదనం 12 ఉందనుకోండి. అదే ఆకుపచ్చ రంగుకు, అంటే పీహెచ్ 6.6కు, గ్యాస్ 30 బదులు 90 మిల్లీగ్రాములు ఉన్నట్టు. రంగు చూసి మనం నిశ్చింతగా ఉంటాం, చేపలు చస్తుంటాయి. 4 డిగ్రీల ద్రావణం విడిగా కొని పోయండి. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది కాబట్టి వాల్వ్ తిప్పిన వెంటనే మళ్లీ తిప్పకండి.

లైటు వెలగడానికి గంటా రెండు గంటల ముందు గ్యాస్ మొదలై, లైటు ఆరడానికి గంట ముందు ఆగేలా టైమర్ పెట్టండి. ఏప్రిల్ నుంచి బుడగలు కాస్త తగ్గించి, నీటి పైభాగం కదిలేలా ఫిల్టర్ మూతిని తిప్పండి. ఖాళీ సిలిండర్ బరువు దాని మెడ మీద కొట్టి ఉంటుంది. నెలకోసారి తూకం వేసి, గ్యాస్ పావుకిలోకు వచ్చినప్పుడే నింపించడానికి పంపండి.