బరువు తగ్గాలనుకుంటున్న మనవళ్లకూ మనవరాళ్లకూ

చిరంజీవులైన పిల్లలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న వేసవి సెలవులకు వచ్చిన మా పదిహేనేళ్ల మనవరాలు, వచ్చిన రోజే రాత్రి భోజనం మానేశానని చెప్పింది. బరువు తగ్గాలట. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త పెరుగన్నం, సాయంత్రం గ్లాసు మజ్జిగ, అంతే. నాలుగో రోజు రాత్రి ఒంటి గంట దాటాక వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడు వినబడి లేచి వెళ్లాను. ఫ్రిజ్ తలుపు సందులోంచి పడుతున్న వెలుతురులో నేల మీద కూర్చొని, కారప్పూస డబ్బా ఒళ్లో పెట్టుకొని, కరకరమని శబ్దం రాకుండా నోట్లోనే నానబెట్టుకొని తింటోంది. నన్ను చూడగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. "నాకు మనోనిబ్బరం లేదు అమ్మమ్మా" అంది. ఆ రాత్రి దాని పక్కన కూర్చొని చెప్పిన మాటలనే, దాని వయసు పిల్లలందరికీ పనికొస్తాయని కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ మనోనిబ్బరం సంగతి. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, తమంతట తాముగా ముందుకు వచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు రోజుకు సుమారు 1,570 కేలరీల తిండి మాత్రమే పెట్టి ఏమవుతుందో గమనించాడు. అది వాళ్లు అంతకుముందు తింటున్నదానిలో దాదాపు సగం. వాళ్లు శరీర బరువులో నాలుగో వంతు కోల్పోయారు, నిజమే. కానీ అదే సమయంలో వాళ్లకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. అంతవరకు వంటింటి ముఖం చూడనివాళ్లు కూడా వంటల పుస్తకాలు చదవసాగారు, పళ్లేలు నాకసాగారు, చీటికిమాటికి చిరాకు పడసాగారు. ప్రయోగం ముగిసి కావలసినంత తిండి దొరికిన తరువాత కూడా కొందరికి ఎంత తిన్నా తృప్తి కలగలేదు. ఏరి కోరి ఎంపిక చేసిన దృఢమైన యువకులకే అలా జరిగినప్పుడు, పగలంతా కడుపు మాడ్చుకున్న పదిహేనేళ్ల పిల్ల అర్ధరాత్రి డబ్బా మూత తీయడంలో తప్పేముంది? కరువు వచ్చిందని శరీరం అనుకుంటుంది. అనుకున్నాక మనల్ని ఎలాగైనా తిండి దగ్గరకు నడిపిస్తుంది. అది బలహీనత కాదు, మనల్ని బతికించడానికి శరీరం చేసే ప్రయత్నం.

అందువల్ల ఆకలిని అణచడం మీద మనసు పెట్టకండి. ఆకలిని గుర్తుపట్టడం మీద పెట్టండి. "ఆకలి రుచి ఎరుగదు" అని మన పెద్దలు అన్న మాటను నేను ఒక పరీక్షగా వాడుకుంటాను. ఏదైనా తినాలనిపించినప్పుడు, "ఇప్పుడు చద్దన్నంలో మజ్జిగ పోసి పెడితే తింటానా?" అని నన్ను నేను అడుగుతాను. తింటాను అనిపిస్తే అది ఆకలి, వెంటనే తినాలి. చద్దన్నం వద్దు, బజ్జీలే కావాలి అనిపిస్తే అది నోటి చాపల్యమో, విసుగో, దిగులో, పరీక్షల భయమో అయి ఉంటుంది. ఆ భయాన్ని బజ్జీ తీర్చలేదు. అలాగని ఎన్నడూ బజ్జీ తినవద్దని నేను అనను. ఎందుకు తింటున్నామో తెలిసి, కూర్చొని, రుచి ఆస్వాదిస్తూ రెండు తిన్నవాళ్లకూ, ఫోన్ చూస్తూ ఎన్ని తిన్నారో తెలియకుండా తిన్నవాళ్లకూ చాలా తేడా ఉంటుంది.

మరొక మాట, ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు బడిలో అందరినీ వరుసగా తూకం యంత్రం ఎక్కించి బరువులు పైకి చదివారు. నా అంకె చదవగానే తరగతి అంతా నవ్వింది, చదివిన ఉపాధ్యాయురాలు కూడా నవ్వారు. ఆ తరువాత రెండేళ్ల పాటు నేను మధ్యాహ్నం డబ్బా నలుగురిలో విప్పలేదు. ఇంటికి వచ్చి ఎవరూ చూడకుండా తినేదాన్ని, రెట్టింపు తినేదాన్ని. సిగ్గుపడడం వల్ల సన్నబడిన మనిషిని నా జీవితంలో నేను చూడలేదు. మీ స్నేహితుల్లో ఎవరినైనా బండ అనో డ్రమ్ము అనో పిలుస్తుంటే దయచేసి ఈ రోజే మానేయండి.

తూకం యంత్రం చెప్పే అంకె కూడా పూర్తి నిజం చెప్పదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో ఒకటి వచ్చింది. ఎత్తుకు తగ్గ బరువును లెక్కించే బీఎంఐ ఇద్దరికీ సరిగ్గా 22.3. అయినా శరీరంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం ఉంటే, యాజ్నిక్‌కు 21.2 శాతం ఉంది. మన దేశస్థుల్లో సన్నగా కనిపించేవారికి కూడా పొట్ట చుట్టూ కొవ్వు చేరే స్వభావం ఎక్కువ. కాబట్టి సన్నగా ఉన్న అన్నయ్య ఏం తిన్నా పరవాలేదనీ, బొద్దుగా ఉన్న చెల్లి మాత్రమే జాగ్రత్తపడాలనీ ఇంట్లో రెండు న్యాయాలు పెట్టడం సరికాదు. పైగా మీరింకా ఎదుగుతున్న పిల్లలు. చాలామందికి ఈ వయసులో బరువు తగ్గవలసిన పనే ఉండదు. బరువు అక్కడే నిలిచి ఎత్తు పెరిగితే చాలు, దానంతట అదే సరిపోతుంది. నిజంగా తగ్గాలో లేదో మీ వయసుకు తగిన పట్టికలో చూసి డాక్టరు చెప్పాలి గాని, అద్దం గాని, ఫోన్‌లోని వీడియోలు గాని చెప్పకూడదు.

ఇక కంచం దగ్గరకు వద్దాం. మన భోజనంలో అన్నం ఎంత తిన్నామో మనకే తెలియకపోవడానికి ఒక కారణం ఉంది. మనం అన్నం ఒక్కసారే పెట్టుకొని ముగించం. పప్పులోకి కొంత, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర పెరుగులోకి కొంత పెట్టుకుంటాం. చారు ఎక్కువైందని ఇంకొంచెం అన్నం, అన్నం ఎక్కువైందని ఇంకొంచెం చారు. ఈలోగా అమ్మ "ఏం తిన్నావని, ఇంకో గరిటె వేయనా?" అంటుంది. అది ప్రేమ, కాదనలేం. నాకు 52 ఏళ్ల వయసులో 78 కిలోల బరువు ఉన్నప్పుడు, చక్కెర వ్యాధి గడప దాకా వచ్చిందని డాక్టరు చెప్పిన రోజున, ఇంటికి వచ్చి నా భోజనాన్ని మొదటిసారి కళ్లతో చూడాలనిపించింది. నాలుగు విడతల్లో తినే అన్నాన్ని విడిగా ఒక గిన్నెలోకి తీసి పెట్టుకున్నాను. ఆ గిన్నె నిండిపోయి గోపురంలా లేచిన అన్నాన్ని చూసి నాకు నమ్మశక్యం కాలేదు.

అప్పటినుంచి నేను చేస్తున్నది చాలా చిన్న పని. తినబోయే అన్నమంతా మొదటే కంచంలో పెట్టుకొని, వేలితో గీత గీసినట్టు నాలుగు భాగాలు చేసుకుంటాను. పప్పుకు ఒకటి, కూరకు ఒకటి, చారుకు ఒకటి, పెరుగుకు ఒకటి. ఆ తరువాత గిన్నెలో ఎంత అన్నం మిగిలినా నా చెయ్యి అటు పోదు. తగ్గిన అన్నం చోటును కూర నింపుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలనే చెబుతున్నాయి. మన ఇళ్లలో కూర నంజుకోవడానికి అన్నట్టు మూలన ఇంత ఉంటుంది. దాన్ని కడుపు నింపేదిగా మార్చుకోవాలి. తోటకూర, బీరకాయ, సొరకాయ, గోరుచిక్కుడు ఎంత తిన్నా భయం లేదు, అవి నూనెలో ఈదకుండా ఉంటే చాలు. ఒక చిన్న చెంచా నూనెలోనే సుమారు 45 కేలరీలు ఉంటాయి. పప్పు, గుడ్డు, పెరుగు మాత్రం తగ్గించవద్దు. ఎదిగే ఎముకకూ కండకూ అవి కావాలి, పైగా అవి తింటే ఆకలి త్వరగా తిరిగి రాదు.

నెమ్మదిగా తినమనడానికీ కారణం ఉంది. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఏడు నిమిషాల్లో భోజనం ముగించేవాళ్లకు ఆ కబురు చేరేసరికి కంచం రెండుసార్లు ఖాళీ అవుతుంది. తినేటప్పుడు టీవీ, ఫోన్ వద్దని నేను గట్టిగా చెప్పడం అందుకే. కంచంలో వదలకూడదని మిగిలింది బలవంతంగా మింగే అలవాటు కూడా మనకు ఉంది. అన్నాన్ని గౌరవించాలంటే మొదటే తక్కువ పెట్టుకోవడం మంచిది.

తాగేవాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. 250 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకే రోజు మొత్తానికి 25 గ్రాముల లోపు ఉంటే మేలంటుంది. మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు, కొబ్బరినీళ్లు ఉన్న మనకు ఆ సీసాలతో ఏం పని? సాయంత్రం బడి నుంచి వచ్చాక వేసే ఆకలి నిజమైన ఆకలే. దానికి సెనగల గుగ్గిళ్లో, మొక్కజొన్న కండో, జామకాయో సిద్ధంగా ఉంటే బిస్కెట్ ప్యాకెట్ గుర్తుకురాదు. రోజూ గంట సేపు ఆడండి. రాత్రి పూట కనీసం 8 గంటల సేపు నిద్రపోండి. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరిగి, చాలు అని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది.

నేను 9 కిలోలు తగ్గడానికి 14 నెలలు పట్టింది. వారానికి అర కిలో తగ్గినా అది పెద్దలకు మంచి వేగమే, నేను అంతకన్నా నెమ్మదిగా తగ్గాను. మధ్యలో సంక్రాంతి వచ్చింది, అరిసెలు తిన్నాను, రెండు కిలోలు తిరిగి వచ్చాయి. కనుమ మర్నాడు ఉపవాసం చేయలేదు. మామూలుగా నాలుగు భాగాల భోజనం చేశాను. ఒక రోజు తప్పినందుకు మర్నాడు శిక్ష వేసుకోవడం మొదలుపెడితే మళ్లీ ఆ అర్ధరాత్రి డబ్బా దగ్గరకే చేరతాం.

చివరగా ఒక హెచ్చరిక. భోజనం చూస్తే భయం వేస్తున్నా, తిన్నది కావాలని కక్కేస్తున్నా, ఆడపిల్లలకు నెలసరి ఆగిపోయినా, దాచుకొని తినడం అలవాటుగా మారినా అది మీరు ఒంటరిగా మోయవలసిన విషయం కాదు. అమ్మకో, నాన్నకో, నమ్మకమున్న టీచరుకో చెప్పండి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లమని అడగండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోతే నాకు ఫోన్ చేయండి. తెల్లవారుజామున నాలుగింటికే నేను లేచి ఉంటాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ