బులెటిన్‌లో ఆ ఒక్క లైన్: "1 నుంచి 1.5 మీటర్ల ఉప్పెన" లెక్క వెనక కథ

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అంతకుముందు వాతావరణ శాఖ బులెటిన్లలో ఒక లైన్ ఉండేది, మామూలు పోటు మీద ఇంకో 1 నుంచి 1.5 మీటర్ల ఎత్తున ఉప్పెన రావచ్చు, పల్లపు ప్రాంతాలు మునగొచ్చు అని. గాలి స్పీడ్ గురించి టీవీలో గంటలు గంటలు ఊదరగొడతారు, ఈ లైన్ మాత్రం కింద స్క్రోలింగ్‌లో పోతుంది. నిజానికి మన కోస్తాలో జనాన్ని ఎక్కువగా పొట్టన పెట్టుకుంది గాలి కాదు, నీళ్లే. 1864 నవంబర్‌లో బందరులో దాదాపు 30 వేల మంది పోయారు, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో దగ్గరదగ్గర 5 మీటర్ల నీళ్లొచ్చి సర్కారు లెక్కల్లోనే 10 వేల మంది దాకా పోయారు.

ముందు నీళ్లు ఎందుకు లేస్తాయో చూద్దాం. తుపాను మధ్యలో గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి సముద్రం పైకి లేస్తుందని స్కూల్లో చెప్పేస్తారు, అది నిజమే గానీ చిన్న భాగం, 1 మిల్లీబార్ తగ్గితే నీళ్లు లేచేది 1 సెంటీమీటరే, అంటే 70 మిల్లీబార్లు పడిపోయినా ముప్పాతిక మీటరు కూడా రాదు. మిగతాదంతా గాలి తోపుడు. గాలి గంటకు 140 కిలోమీటర్ల పైన వీస్తూ 50 కిలోమీటర్ల మేర నీటిని ఒడ్డు వైపు నెడుతోందనుకోండి, అక్కడ లోతు 100 మీటర్లైతే ఒడ్డున నీళ్లు పాతిక సెంటీమీటర్లు లేస్తాయి, అదే లోతు 10 మీటర్లైతే సుమారు రెండున్నర మీటర్లు. గాలి అదే, తుపానూ అదే, తేడా అంతా అడుగున ఉంది. విశాఖ దగ్గర సముద్రం తొందరగా లోతైపోతుంది, నిజాంపట్నం, బందరు వైపు చాలా దూరం లోతు తక్కువే, అందుకే ఉప్పెన విషయంలో ఆ రెండు తీరాల రాత ఒకటి కాదు.

దీనికి కావాల్సిన సూత్రాలు 1871లోనే ఫ్రాన్స్‌లో సాన్ వెనాన్ అనే ఇంజనీర్ రాసి పెట్టాడు. వచ్చిన నీళ్లు ఎక్కడికీ మాయం కావు, నెట్టిన బలాన్ని బట్టి వేగం మారుతుంది, ఇంతే సారాంశం. ఇబ్బందల్లా లెక్క చెయ్యడంలోనే. 1918లో డచ్ వాళ్లు జుయిడర్‌జీ అనే అఖాతానికి అడ్డంగా కట్ట వేద్దామనుకుని, వేస్తే బయట ఊళ్ల దగ్గర పోటు ఎంత పెరుగుతుందో తేల్చమని నోబెల్ గ్రహీత లోరెంట్జ్‌ని అడిగారు, ఆయన కమిటీ కంప్యూటర్ అన్న మాటే లేని రోజుల్లో చేత్తో లెక్కలేసి 1926లో రిపోర్ట్ ఇచ్చింది, 1932లో కట్ట మూసాక చూస్తే లెక్క చాలా దగ్గరగా కుదిరింది. నా దృష్టిలో ఈ రంగానికి అసలు మొదలు అదే. మళ్లీ 1953లో నార్త్ సీ వరదలో ఒక్క నెదర్లాండ్స్‌లోనే 1,836 మంది చనిపోయారు, ఆ తర్వాత 1956లో జర్మనీ నుంచి హాన్సెన్ సముద్రాన్ని గళ్లుగా కోసి కంప్యూటర్ మీద లెక్కేసే పద్ధతి చూపించాడు.

ఆ గళ్లతో ఒక పేచీ ఉంది. 2000 మీటర్ల లోతులో ఉప్పెన లాంటి పొడవాటి అల సెకనుకు 140 మీటర్లు పోతుంది, గడి 5 కిలోమీటర్లైతే 35 సెకన్లలో దాటేస్తుంది, మనం వేసే టైమ్ స్టెప్, అంటే లెక్క ఒక్కో అంగలో ముందుకి జరిగే సమయం, అంతకంటే పెద్దదైతే మామూలు పద్ధతిలో అంకెలు అర్థం లేకుండా పెరిగిపోయి లెక్క పేలిపోతుంది. పోనీ గడి సగానికి తగ్గిద్దామంటే పని ఎనిమిది రెట్లు అవుతుంది. 70లలో ఉన్న కంప్యూటర్లతో ఇది చిన్న సమస్య కాదు.

మన వైపు కథ 1970 భోలా తుపానుతో కదిలింది, తూర్పు పాకిస్తాన్‌లో లక్షల్లో చనిపోయారు. 1972లో వాతావరణ శాస్త్రవేత్త పి.కె.దాస్ బంగాళాఖాతం ఉప్పెనలకు ఇలాంటి లెక్కల మోడల్ ప్రచురించారు, 1977లో ఘోష్ తూర్పు తీరానికి గ్రాఫులు తయారు చేసారు, పీడనం ఎంత పడింది, తుపాను ఎంత వేగంతో ఏ కోణంలో వస్తోంది అని చూసుకుంటే ఉప్పెన ఎత్తు చదువుకోవచ్చు, కంప్యూటర్ అక్కర్లేదు. వాతావరణ శాఖ వాటిని చాలా ఏళ్లు వాడింది. కానీ అదే ఏడాది దివిసీమకి అవేవీ అక్కరకు రాలేదు.

తర్వాత ఆ దివిసీమ ఉప్పెనే పాఠ్యపుస్తకం లాంటిదైంది. 1981లో ఇంగ్లండ్ నుంచి జాన్స్, ఐఐటీ ఢిల్లీ నుంచి దూబే, మహంతి, సిన్హా కలిసి దాన్ని కంప్యూటర్లో మళ్లీ పుట్టించారు. తుపాను దాటింది చీరాల దగ్గర, దివిసీమలోని నాగాయలంక అక్కడికి తూర్పున సుమారు 60 కిలోమీటర్లు, మరి అటెందుకు అంత దెబ్బ అంటే మన తుపాన్ల గాలి ఎడమ చుట్టు తిరుగుతుంది, దాంతో తుపాను వెళ్లే దిక్కుకి కుడివైపున ఉన్న తీరం మీదకి నీటిని తోసేస్తుంది, ఎడమవైపు నీటిని సముద్రంలోకి లాగుతుంది. ఇంకో సంగతి, అప్పటి మోడళ్లలో ఎక్కువభాగం తీరాన్ని నిలువు గోడలా పెట్టుకునేవి, నీళ్లు గోడ దగ్గర ఎంత లేచాయో చెప్పి ఆగిపోయేవి. దివిసీమలో జనం పోయింది గోడ దగ్గరా? ఎన్నో కిలోమీటర్లు లోపల ఊళ్లలో. ఒడ్డు కూడా నీటితోపాటు కదిలేలా లెక్క రాయడం ఆ బృందమే 80ల మొదట్లో చేసింది, నాకైతే 1981 పేపర్ కంటే ఇదే పెద్ద అడుగనిపిస్తుంది. 90లలో ఐఐటీ వాళ్ల మోడల్ మామూలు పీసీ మీద నిమిషాల్లో నడిచే స్థాయికి వచ్చింది, తుపాను దారి మారిన కొద్దీ మళ్లీ మళ్లీ వేసి చూసుకోవచ్చు.

ఇప్పుడు ఈ పని హైదరాబాద్ ప్రగతి నగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థలో జరుగుతుంది, సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు అని జోకులేస్తారు గానీ లెక్కకి బీచ్ అవసరం లేదు. వాడేది అమెరికాలో పుట్టిన ఆడ్‌సర్క్ మోడల్, చదరపు గళ్ల బదులు త్రిభుజాలు, నడిసముద్రంలో పెద్దవి, తీరం దగ్గర చిన్నవి. తుపాను ఎక్కడ దాటుతుంది, కన్ను చుట్టూ బలమైన గాలి ఎంత దూరం దాకా ఉంది అన్నవి వాతావరణ శాఖ నుంచి వస్తాయి, దాటే చోటు 50 కిలోమీటర్లు జరిగితే ఉప్పెన వేరే మండలానికి పోతుంది, అందుకే బులెటిన్‌లో అంకె ఒకటి కాకుండా 1 నుంచి 1.5 అని ఉంటుంది.

అయితే దారి అంచనా ఏటేటా మెరుగవుతోంది, నేల ఎత్తు సంగతే తేలట్లేదు. ఫ్రీగా దొరికే శాటిలైట్ మ్యాపుల్లో పేరున్నది 2000లో స్పేస్ షటిల్ నుంచి తీసింది, అది చాలాచోట్ల చెట్ల తలలు, ఇళ్ల కప్పులు చూసి అదే నేల అనుకుంటుంది, తప్పు మీటర్లలో ఉంటుంది. దివిసీమలో కొన్ని ఊళ్లు సముద్రమట్టానికి మీటరు, రెండు మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి, అక్కడ రెండు మీటర్ల తప్పుంటే మునిగే ఊరు మ్యాపులో పొడిగా కనిపిస్తుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిస్తే సెంటీమీటర్లలో వస్తుంది, ఖర్చు ఎక్కువ. పైగా 90ల నుంచి చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చి డెల్టా రూపమే మారిపోయింది, ఒక గట్టు నీటిని ఆపొచ్చు, పక్క ఊరి మీదకి మళ్లించొచ్చు, వెనక్కి పోకుండా రోజుల తరబడి నిలబెట్టొచ్చు. ఎవరో సర్వే చేసి ఎక్కించేదాకా మోడల్‌లో ఆ చెరువు ఉండదు, దాని స్థానంలో ఇంకా పాత వరి పొలమే ఉంటుంది.