మార్కు ఏ మాటకి వస్తుందంటే

చిట్టితల్లికీ, మస్కట్‌లో నీతో పాటు ఐజీసీఎస్ఈ (కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతిలాంటి చదువు) చదువుతున్న నీ స్నేహితులకీ,

తాతయ్య ఆశీస్సులు. మీరు విమానం ఎక్కి వారమైంది. ఇల్లు బోసిపోయింది.

"బయాలజీ పుస్తకం రెండుసార్లు చదివాను తాతయ్యా, అయినా మాక్ పరీక్షలో సి గ్రేడు వచ్చింది" అని నువ్వు కళ్లనీళ్లు పెట్టుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లు పిల్లలకి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. మర్నాడు నీ జవాబు పత్రం మొత్తం చదివాను. నువ్వు రాసినదాంట్లో తప్పు లేదమ్మా. అడిగింది ఒకటైతే నువ్వు రాసింది ఇంకొకటి.

మన రొయ్యల చెరువు గట్టు మీద మాట్లాడుకున్నది గుర్తుందా? రాత్రిళ్లు ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే చక్రాలు) ఎందుకు తిప్పుతారని అడిగావు. ఆ ఒక్క చెరువు మీద నాలుగు రకాల ప్రశ్నలు వెయ్యొచ్చు, ప్రశ్నలో ఏ మాట వాడారో దాన్ని బట్టి జవాబు మారుతుంది.

"స్టేట్" అంటే ఒక్క ముక్క చాలు: రాత్రి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. "డిస్క్రైబ్" అని గ్రాఫు ఇస్తే కనబడింది కనబడినట్టు చెప్పాలి. సాయంత్రం ఎక్కువగా ఉంది, రాత్రంతా తగ్గుతూ తెల్లవారుజాముకి బాగా పడిపోయింది, ఎండెక్కాక మళ్లీ పెరిగింది. గ్రాఫులో ఉన్న అంకెలు కూడా రాయాలి. ఎందుకు అలా అయిందో ఇక్కడ ఎంత బాగా రాసినా మార్కు రాదు. "ఎక్స్‌ప్లెయిన్" అన్నప్పుడే కారణం కావాలి. వెలుగు లేదు కాబట్టి నీటిలోని నాచు కిరణజన్య సంయోగక్రియ ఆపేస్తుంది, కొత్త ఆక్సిజన్ రాదు. కానీ నాచు, రొయ్యలు, బాక్టీరియా అన్నీ శ్వాసక్రియ జరుపుతూనే ఉంటాయి, ఉన్నది ఖర్చయిపోతుంది. ఇక "సజెస్ట్" అంటే పుస్తకంలో లేనిది. మబ్బు పట్టిన రోజు తర్వాత రాత్రి రైతుకి భయం ఎందుకు ఎక్కువ? పగలే ఆక్సిజన్ తక్కువ తయారైంది, రాత్రి తక్కువతోనే మొదలైంది. దీనికి జవాబు మన పాలేరుకి తెలుసు. నీకూ తెలుసు, కానీ సిలబస్‌లో లేదని ఖాళీ వదిలేశావు.

ప్రశ్న చివర బ్రాకెట్లో ఉన్న అంకె కూడా చూడు. 3 అని ఉంటే మూడు వేరువేరు సంగతులు కావాలి. ఒకే సంగతిని మూడు రకాలుగా తిప్పి రాస్తే ఒక్క మార్కే. మన పదో తరగతి పిల్లలకి నేనూ పేజీ నింపమనే చెప్పేవాణ్ణి. అది నీకు ఎంత అడ్డమైందో ఇప్పుడు తెలిసి బాధేసింది.

పాత పేపర్లు, వాటి మార్క్ స్కీములు (ఏ జవాబుకి మార్కు ఇవ్వాలో చెప్పే కాగితాలు) కేంబ్రిడ్జ్ వాళ్ల వెబ్‌సైట్లోనే దొరుకుతాయి. గడియారం పెట్టుకుని రాయి, ఎర్ర పెన్నుతో నువ్వే దిద్దుకో. మార్క్ స్కీమును మాత్రం బట్టీ పట్టొద్దు. ప్రశ్నలో చెరువు పోయి అక్వేరియం వస్తే బట్టీ అక్కరకు రాదు. సిలబస్ కాగితం ప్రింటు తీసుకుని ఒక్కో లైనుకీ "ఇది ఇంకొకరికి చెప్పగలనా" అని అడుగుతూ టిక్ పెట్టుకో.

ఈ ఐజీసీఎస్ఈ 1988లో మొదలైంది. ఎ స్టార్ నుంచి జి వరకు గ్రేడ్లు. మీ పక్క స్కూలు అమ్మాయికి 9 నుంచి 1 వరకు అంకెలన్నావు, అది పియర్సన్ ఎడెక్సెల్ అనే ఇంకో బోర్డు పద్ధతి. ఎన్ని మార్కులకి ఏ గ్రేడో పేపరు కష్టాన్ని బట్టి ప్రతిసారీ పరీక్ష అయ్యాకే నిర్ణయిస్తారు. కాబట్టి ఇక్కడ ఫ్లెక్సీల మీద వేసే ర్యాంకులతో పోల్చుకుని టెన్షన్ పడకు.

ఒక్కటి మాత్రం అమ్మానాన్నలతో కూర్చుని తేల్చుకో. లెక్కల్లో కోర్ అనే కింది స్థాయి తీసుకుంటే ఎంత బాగా రాసినా సి దాటదు. తర్వాత రెండేళ్లు ఎ లెవెల్లో (మన ఇంటర్ లాంటిది) లెక్కలు చదవాలంటే ఎక్స్‌టెండెడ్ అనే పై స్థాయి ఉండాల్సిందే. ఇండియాకి వచ్చేస్తామంటున్నాడు నాన్న. ఇక్కడ పదో తరగతితో సమానంగా చూడాలంటే ఇంగ్లీషుతో కలిపి కనీసం అయిదు సబ్జెక్టుల్లో సి, అంతకన్నా పై గ్రేడ్లు కావాలి. ఎ లెవెల్లో బయాలజీ వదిలేస్తే నీట్ దారి చాలా కష్టమవుతుంది. లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగ్ సంగతీ అంతే. పద్నాలుగేళ్లకే ఇలాంటివి తేల్చమనడం నాకు నచ్చదు. అందుకే రెండూ చేతిలో ఉంచుకోమంటున్నాను.

ఇక బయాలజీలో నీకు భయం పుట్టించే ఆరో పేపరు, ప్రయోగశాల లేకుండా రాసే ప్రయోగాల పేపరు. దానికి 40 మార్కులు, మొత్తంలో అయిదో వంతు. ప్రయోగం నువ్వే ప్లాన్ చెయ్యమన్నప్పుడు ఏది మారుస్తావు, ఏది కొలుస్తావు, ఏవి మారకుండా చూస్తావు, ఎన్నిసార్లు చేస్తావు అన్నవి చెప్పాలి. నర్సాపురం వైపు సముద్రం దగ్గరి చేలలో ఉప్పు ఎక్కి వరి దెబ్బతింటుందని చెబితే వడ్లు నానబెట్టి చూద్దామన్నావు కదా. మార్చింది ఉప్పు. కొలిచేది మొలకలు. ఒకే బస్తా వడ్లు, సాసరుకి ఇరవై గింజలు, ఒకే కొలత నీళ్లు, ఒకే నీడ. ప్రతి ఉప్పు మోతాదుకీ మూడేసి సాసర్లు. ఆ పేపరు అడిగేది ఇంతే, నువ్వు అప్పటికే చేసేశావు.

నీ సాసర్లు వసారాలోనే ఉన్నాయి. అమ్మమ్మ రోజూ తడి చూస్తోంది, పిచ్చుకలు రాకుండా జల్లెడ బోర్లించింది. నిన్నటికి మంచినీళ్ల సాసర్లలో పద్దెనిమిదేసి మొలిచాయి. అన్నిటికన్నా ఉప్పు ఎక్కువైన వాటిలో ఒక్కటీ లేదు. మధ్యవి ఇంకా మెల్లగా కళ్లు తెరుస్తున్నాయి, ఆదివారం దాకా లెక్కపెట్టి వాట్సాప్‌లో పంపిస్తాను. గ్రాఫు నువ్వు గియ్యాలి.

తాతయ్య