చిరుత వేరు, చీతా వేరు: పెద్దవాళ్ళకు ట్యాబ్‌లో అడవిని చూపేటప్పుడు అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్ళ దగ్గర 'టాబ్లెట్' అనకండి, మాత్ర వేసుకునే టైమయిందేమో అనుకుంటారు. 'ట్యాబ్' అంటే చాలు.

ఒకచోట కనుమరుగైన జాతిని తెచ్చి మళ్ళీ అక్కడే నిలబెట్టే ప్రయత్నాన్ని పునఃప్రవేశం అంటారు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో, వృద్ధాశ్రమాల్లో, ఇంట్లో అమ్మమ్మ తాతయ్యల పక్కన కూర్చుని ఈ విషయాన్ని ట్యాబ్‌లో చూపించేవాళ్ళకు తరచూ ఎదురయ్యే అపోహలివి. కొన్ని ట్యాబ్ గురించి, కొన్ని జంతువుల గురించి.

అపోహ: అక్షరాలు బాగా పెద్దవి చేస్తే సరిపోతుంది.

ఫాంటును చివరిదాకా లాగితే తెలుగులో కొత్త చిక్కు వస్తుంది. కొన్ని యాప్‌లలో ఒత్తులూ వట్రుసుడులూ కింద కత్తిరించుకుపోతాయి. 'మృగం' కాస్తా 'మగం' అవుతుంది. గరిష్ఠానికి ఒకటి రెండు మెట్లు తక్కువ ఉంచి, మిగిలిన అవసరానికి యాక్సెసిబిలిటీలోని మాగ్నిఫికేషన్ వాడండి. స్క్రీన్ టైమౌట్ చాలావాటిలో 30 సెకన్లో, నిమిషమో ఉంటుంది. ఒక పేరా చదివేలోపే తెర నల్లబడితే తామేదో పాడుచేశామని చేయి వెనక్కి తీసుకుంటారు. దాన్ని 10 నిమిషాలకు మార్చి, ఆటో రొటేట్ ఆపేయండి.

అక్షరాల కంటే కళ్ళజోడు పెద్ద సమస్య. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల్లో దగ్గర చూపు కింది భాగంలో ఉంటుంది. ట్యాబ్‌ను కంటి ఎత్తున నిలబెడితే గడ్డం పైకెత్తి చూడాలి, పావుగంటకే మెడ పట్టేస్తుంది. బల్ల మీద 40-45 సెం.మీ. దూరంలో, కొద్దిగా వాలుగా ఉంచాలి. ఇంట్లో పారాయణానికి వాడే వ్యాసపీఠం ఉంటే అంతకన్నా మంచి స్టాండు దొరకదు. శుక్లాల ఆపరేషన్‌లో ఎక్కువమందికి దూరపు చూపుకు సరిపడే లెన్సే వేస్తారు కాబట్టి వాళ్ళు రీడింగ్ గ్లాసులు తెచ్చుకున్నారో లేదో ముందే అడగండి. కిటికీ వీపు వెనక ఉంటే తెరంతా మెరుపే.

ఇక వేళ్ళు. వేలి చర్మం విద్యుత్తును కొద్దిగా లాక్కుంటుంది కాబట్టే తెర స్పర్శను గుర్తిస్తుంది. వయసుతో పొడిబారిన వేలిని ఒక్కోసారి అది పట్టించుకోదు. అప్పుడు గట్టిగా నొక్కి పట్టుకుంటారు, అడగని మెనూ ఏదో తెరుచుకుంటుంది. పక్కన ఓ తడి గుడ్డ పెట్టుకోండి. మందపాటి గ్లాస్ గార్డు ఉంటే తీసేయండి. చేయి వణికేవాళ్ళకు 'టచ్ అండ్ హోల్డ్ డిలే'ని లాంగ్‌కి మార్చండి. రెండు వేళ్ళు విప్పి జూమ్ చేయడం కీళ్ళనొప్పులవాళ్ళకు కష్టం. గూగుల్ మ్యాప్స్‌లో ఒకే వేలితో రెండుసార్లు తట్టి, రెండోసారి వేలు ఎత్తకుండా పైకీ కిందికీ జరిపితే అదే పని అవుతుంది.

అపోహ: చీతా అంటే చిరుతే కదా.

మన చిరుత లెపర్డ్. నల్లమలలో ఉంది, అప్పుడప్పుడూ హైదరాబాద్ శివార్లలోనూ కనిపిస్తుంది. చీతా వేరే జంతువు, మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించారు. పేర్లు కలిసిపోవడం వల్ల వెతుకులాట మొదట్లోనే దారితప్పుతుంది. మైకు నొక్కి 'చిరుత' అంటే చిరుతపులులు, వాటితోపాటు సినిమా పాటలు వచ్చిపడతాయి. చీతాలను తెచ్చి వదిలిన అడవి పేరుతో కలిపి 'కూనో చీతా' అని పలికించండి.

ఫోటో రాగానే ముఖం దగ్గర జూమ్ చేయించండి. కంటి కొస నుంచి నోటిదాకా నల్లటి కన్నీటి చార ఉంటే చీతా. ఒంటి మీద మచ్చలు నిండుగా, విడివిడిగా ఉంటాయి. చిరుత మచ్చలు పూల రేకుల్లా గుండ్రంగా చేరి మధ్యలో ఖాళీ వదులుతాయి. ఈ పని చేసేటప్పుడు ఐ కంఫర్ట్ మోడ్ ఆపండి, పసుపు కమ్మేస్తే తేడా తెలియదు.

'ఇవి మనవేనా' అని తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి. ఒకప్పుడు మన దగ్గర తిరిగింది ఆసియా చీతా. అది ఇప్పుడు ఇరాన్‌లో మాత్రమే, అతి కొద్ది సంఖ్యలో మిగిలింది. కూనోకి వచ్చినవి ఆఫ్రికావి.

అపోహ: బోను తలుపు తీసి వదిలితే పని అయిపోయినట్టే.

టీవీలో చూపించేది తలుపు తీసిన నిమిషమే కాబట్టి ఈ అపోహ సహజం. నిజానికి అసలు కథ ఆ తరవాతే మొదలవుతుంది. 2022 సెప్టెంబర్ 17న నమీబియా నుంచి 8, 2023 ఫిబ్రవరి 18న దక్షిణాఫ్రికా నుంచి 12 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చాయి. ముందు క్వారంటైన్, తరవాత వేటాడుకునే పెద్ద ఆవరణ, ఆపైన 2023 మార్చిలో మొదటిసారి బయటి అడవి. ఆ వానాకాలంలో ఊహించని దెబ్బ తగిలింది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఆఫ్రికా దక్షిణాన చలికాలం. ఆ లెక్కనే వాటి ఒంటికి మన వర్షాకాలంలో దట్టమైన బొచ్చు పెరిగింది. ఆచూకీ కోసం మెడకు కట్టిన రేడియో కాలర్ కింద తడి ఆరక చర్మం చెడి, పుండ్లు పడి, పురుగు పట్టి కొన్ని చనిపోయాయి. మిగిలినవాటిని మళ్ళీ ఆవరణలోకి తెచ్చి వైద్యం చేశారు.

పెద్దవాళ్ళకు ఇంకా బాగా నచ్చేది పన్నా పులి కథ. 2009 నాటికి మధ్యప్రదేశ్‌లోనే ఉన్న పన్నా అడవిలో పులి అన్నదే లేకుండా పోయింది. కాన్హా, బాంధవ్‌గఢ్‌ల నుంచి ఆడపులులను, పెంచ్ నుంచి ఒక మగపులిని తెచ్చారు. ఆ మగపులి కొద్ది రోజులకే బయల్దేరి, 400 కిలోమీటర్లకు పైగా పెంచ్ దిక్కుగానే నడిచింది. పట్టి వెనక్కి తెచ్చారు. తరవాత పన్నా పులుల వంశం దానితోనే నిలబడింది. గూగుల్ ఎర్త్‌లో స్కేలు గుర్తు తీసుకుని పెంచ్ నుంచి పన్నాకి గీత గీయించండి. ఆ దూరాన్ని హైదరాబాద్ నుంచి విజయవాడ దూరంతో పోల్చమంటే లెక్క వాళ్ళే చెప్తారు.

మన దగ్గరి ఉదాహరణ మూషిక జింక. కొమ్ముల్లేని, మూడు కిలోల చిన్న జంతువు. నెహ్రూ జూ పార్కులో 2010లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అత్తాపూర్ లాకోన్స్ (అంతరించే జాతులను కాపాడే ప్రయోగశాల) తోడ్పాటుతో వీటిని పెంచడం మొదలుపెట్టి, కొన్నిటిని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో కాపలా ఉన్న ఆవరణ ద్వారా అడవికి అలవాటు చేశారు. ఇది రాత్రిపూట తిరిగేది. శ్రీశైలం వెళ్ళేవాళ్ళందరికీ మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారని తెలుసు. ఎందుకు మూస్తారో చెప్పడానికి ఇంతకంటే మంచి సందర్భం ఉండదు.

అన్నట్టు, ట్యాబ్‌కీ ఇదే పద్ధతి. మొదటి రెండు వారాలు యాప్ పిన్నింగ్ పెట్టి ఒకే యాప్‌లో ఉంచండి, తరవాత తలుపు తీయండి.

అపోహ: శాటిలైట్ మ్యాపులో చీతా ఇప్పుడెక్కడుందో చూడొచ్చు.

అవి నెలల కిందటివో, ఏళ్ళ కిందటివో అయిన చిత్రాలు. జంతువు కనిపించదు. కాలర్ సంకేతాలు వేటగాళ్ళ భయంతో బయటపెట్టరు. చూసిన జీవులను జనం మ్యాపులో నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్‌లో కూడా ముప్పున్న జాతుల చుక్కను 20 కిలోమీటర్లకు పైగా పక్కలున్న గడిలో ఎక్కడో యాదృచ్ఛికంగా పెడతారు. చుక్క పడిన ఊళ్ళోనే ఉందని నమ్మితే పొరపాటు. నెట్ సరిగా లేని చోటికి వెళ్తూ మ్యాప్ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకుంటే రోడ్లే వస్తాయి, శాటిలైట్ చిత్రం రాదు. అవసరమైన వాటికి స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.

అపోహ: మోకాళ్ళకు నేను వేసుకునే డైక్లోఫెనాక్ వల్లే రాబందులు పోయాయి, మానేస్తాను.

మానక్కర్లేదు, మందు మార్పు డాక్టరు చెప్పాలి. రాబందులను చంపింది పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్. మందు పడ్డాక త్వరలోనే చచ్చిన పశువును తిన్న రాబందు కిడ్నీలు పాడై చనిపోయేది. పశువులకు దాని వాడకాన్ని 2006లో నిషేధించారు. మనుషుల ఇంజెక్షన్ పెద్ద సీసాలను పశువులకు మళ్ళిస్తున్నారని 2015లో దాన్ని 3 మి.లీ. ఒకే డోసుకు పరిమితం చేశారు. 2023లో పశువులకిచ్చే మరో రెండు నొప్పి మందులు కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లనూ ఆపారు. వాటి బదులు వాడదగ్గ మెలాక్సికామ్ రాబందులకు ప్రమాదం లేనిది. హర్యానాలోని పింజోర్ రాబందుల కేంద్రంలో పెంచినవాటిని బయటికి వదలడానికి ముందు చుట్టుపక్కల పశువుల మందులను పరిశీలించడం అందుకే.

ఈ అంశంలో చెప్పేవాళ్ళకంటే వినేవాళ్ళకే ఎక్కువ తెలుసు. ఊళ్ళో పశువు చస్తే ఎక్కడ పడేసేవారు, ఎన్ని రాబందులు వాలేవి, ఏ ఏడాది నుంచి రావడం మానేశాయి? పార్సీలు శవాలను రాబందులకు వదిలే చోటైన పార్సీగుట్ట వైపు పాత కాపురస్తులను అడిగి చూడండి. ట్యాబ్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి, వాళ్ళకు చెప్పే చేయండి.

అపోహ: దసరాకి పాలపిట్టను కొని వదిలితే అదీ పునఃప్రవేశమే.

పట్టినవాళ్ళు రెక్కలు కట్టేస్తారు, కొందరు జిగురు పూస్తారు. అలాంటి పిట్ట ఎగరలేదు. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టడం, అమ్మడం నేరం. పాలపిట్టను ట్యాబ్‌లో చూపి, పండగ రోజు పొలాల వైపు బైనాక్యులర్ పట్టుకెళ్తే సరి. కాలనీలో దొరికిన పామునో కోతినో దూరంగా వదలడం కూడా పునఃప్రవేశం కాదు.

అపోహ: శబ్దం వినపడకపోతే వాల్యూమ్ పెంచాలి.

వయసుతో ముందు పోయేది సన్నటి, హెచ్చు స్వరాల వినికిడి. వాల్యూమ్ పెంచితే పిచ్చుక వినపడదు, నొప్పి పుడుతుంది. తోడేలు అరుపుతో మొదలుపెట్టండి, అది దాదాపు అందరికీ అందే స్థాయిలో ఉంటుంది. 1995-96లో అమెరికాలోని యెల్లోస్టోన్ పార్కులో 31 తోడేళ్ళను వదిలిన కథకూ అదే దారి. తోడేళ్ళు నదుల రూపమే మార్చేశాయన్న వీడియోలను మాత్రం కాస్త తగ్గించి చెప్పండి. కొన్నిచోట్ల చెట్లు కోలుకున్నది నిజం, కానీ అందులో ఎలుగులకూ, ప్యూమాలకూ, మనుషుల వేటకూ వాటా ఉంది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మగది చేసే లోతైన గంభీర స్వనం ఇంకో రకం చిక్కు: ట్యాబ్ స్పీకరే దాన్ని మింగేస్తుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్ కావాలి. ఒక చెవే పనిచేసేవాళ్ళకు మోనో ఆడియో ఆన్ చేయండి.

అపోహ: వాట్సాప్‌లో వచ్చిన వీడియో కదా, నిజమే.

ఏఐ వీడియోను పావు వేగంతో ఆడించి, రెండుచోట్ల ఆపి మచ్చలు పోల్చండి. జంతువు మచ్చలు మారవు, అలాంటి వీడియోల్లో తరచూ మారిపోతాయి. 'చీతాను దత్తత తీసుకోండి' లింకులు నొక్కవద్దు. జూ పార్కు జంతువుల దత్తతకు జూ అధికారిక వెబ్‌సైట్ నుంచో, నేరుగా వెళ్ళో మాత్రమే. ఓటీపీ చెప్పేస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయించండి.

అపోహ: మతిమరపు ఉన్నవాళ్ళకు ఇది దండగ.

ఒక్కసారి కూర్చున్నప్పుడే పది జంతువులు చూపితే ఎవరికైనా దండగే. ఒక్క జంతువు, నాలుగు వారాలు, వారానికి 40 నిమిషాలు, ట్యాబ్‌కి ముగ్గురికి మించకుండా. మొదటి వారం ఫోటో, రెండో వారం మ్యాపు, మూడో వారం శబ్దం, నాలుగో వారం కొత్త వార్త. మతిమరపు ఉన్నవాళ్ళకు ప్రతివారం అదే ఫోటోతో మొదలుపెట్టండి. 'పోయినవారం చూశాం, గుర్తుందా' అని మాత్రం అడగకండి. 'ఇదేంటి, పెద్దమ్మా?' అని కొత్తగా అడగండి. చదువు వచ్చినా రాకపోయినా పేరు మీ నోటితో చెప్పి, వాళ్ళ నోటితో మైకులో పలికించండి. సరైన బొమ్మ రాకపోతే పేరు ముందు 'అడవి' చేర్చి మళ్ళీ పలికించండి.