శివారు పెద్దిళ్లు టికెట్ కోసం ఎందుకు క్యూ కట్టాయి?

శివారు మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిశాక పాత పంచాయితీ మళ్లీ రాజుకుంది. "తాత పటేల్, నాయన సర్పంచ్, నేను కౌన్సిలర్‌ని. మూడు తరాలుగా ఊరి పనే చేస్తున్నాం. టికెట్ మాకు కాక ఎవరికి?" అనేది తరాలుగా ఊరి పదవుల్లో ఉన్న పెద్దిళ్ల వాదన. "ఊరేమైనా మీ జాగీరా?" అనేది జెండా మోసిన కార్యకర్తల ప్రశ్న. 2025 డిసెంబరులో 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు విలీనమై వార్డులు 300కి చేరినప్పటి నుంచి మేడ్చల్ మొదలు తుక్కుగూడ దాకా ఇదే గొడవ.

వారసత్వంగా వచ్చే పటేల్, పట్వారీ పదవులు ఎన్టీఆర్ హయాంలో పోయిన సంగతి తెలిసిందే. 1994 పంచాయతీరాజ్ చట్టంతో మహిళలకు మూడో వంతు సీట్లు వచ్చాయి. 1995 మే తర్వాత మూడో బిడ్డ పుట్టినవాళ్లు పోటీకి అనర్హులన్న నిబంధనా వచ్చింది. పెద్దిళ్లు రెండింటికీ దారి వెతుక్కున్నాయి. మహిళా సీటైతే భార్య, పిల్లల లెక్క అడ్డొస్తే తమ్ముడు. సంతకం ఆమెది, పెత్తనం ఆయనది అనేది ఎవరూ దాచుకున్న విషయం కాదు. ఎస్సీ, బీసీ రిజర్వేషన్ వచ్చిన దఫా మాత్రం పక్కకు తప్పుకోక తప్పేది కాదు. అప్పుడు కూడా తమ మనిషినే నిలబెట్టుకున్న ఊళ్లున్నాయి.

ఇవాళ్టి గొడవకు మూలం మాత్రం 2018 ఆగస్టులో ఉంది. పంచాయతీల గడువు ముగిసిందో లేదో మణికొండ, నార్సింగి, కొంపల్లి, నిజాంపేట, బండ్లగూడ జాగీర్ లాంటి ఊళ్లు మున్సిపాలిటీలు అయిపోయాయి. సర్పంచ్ ఎన్నికకు పార్టీ గుర్తు ఉండదు. ఉంగరమో, కత్తెరో ఏది వచ్చినా జనం చూసేది ఇంటి పేరే. సర్పంచ్‌ను ఊరు నేరుగా ఎన్నుకుంటుంది. కాబట్టి ఆ కుటుంబాలకు ఏ పార్టీ ఆఫీసు మెట్లూ ఎక్కాల్సిన అవసరం రాలేదు. ఎమ్మెల్యేలే వాళ్లింటికి వచ్చేవారు.

మున్సిపాలిటీ అనగానే బీ-ఫారం, అంటే ఫలానావాళ్లే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం కావాలి. వార్డు గెలిచినా చైర్మన్‌ను ఎన్నుకునేది జనం కాదు, కౌన్సిలర్లు. పైగా ఎమ్మెల్యే, ఎంపీలకు పదవి రీత్యా వచ్చే ఎక్స్ అఫీషియో ఓటు. 2020 జనవరిలో ఫలితాలు రాగానే గెలిచినవాళ్లను బస్సుల్లో క్యాంపులకు తరలించింది ఈ లెక్క కోసమే. ఊరంతా ఓటేస్తే సర్పంచ్ అయినాయన, ఒక వార్డుకు కౌన్సిలరై క్యాంపులో కూర్చున్నాడు.

ఈ కుటుంబాలు చెప్పేదాంట్లో కొంత బలముంది. బోరు మోటారు కాలినా, మోరీ పొంగినా రాత్రి పదింటికి ఎవరి గేటు కొట్టాలో ఊళ్లో అందరికీ తెలుసు. 2018 ఆగస్టు నుంచి 2020 జనవరి దాకా ఎన్నికైనవాళ్లు లేక ఈ ఊళ్లను నడిపింది ప్రత్యేకాధికారులు. 2025 జనవరిలో కౌన్సిళ్ల గడువు తీరాక మళ్లీ వాళ్లే. ఆ గేటు కొట్టడం మాత్రం ఆగలేదని మాజీలు అంటారు, కాలనీల్లో అడిగితే చాలామంది అవుననే చెబుతారు. 2007 ఏప్రిల్‌లో ఎల్బీనగర్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి సహా 12 మున్సిపాలిటీలు కలిసినప్పుడూ ఇదే జరిగింది. జీహెచ్‌ఎంసీ తొలి ఎన్నిక 2009 నవంబరులో గానీ జరగలేదు. రెండున్నరేళ్లు అక్కడి మాజీ కౌన్సిలర్లు పదవి లేకుండానే అర్జీలు తీసుకున్నారు.

కార్యకర్తలది వేరే లెక్క. ఊళ్లో ఇప్పుడు అపార్ట్‌మెంట్ల ఓట్లే ఎక్కువ, ఆ తాత ఎవరో వాళ్లకు తెలియదు అంటారు. అదీ నిజమే.

గ్రేటర్‌లో 2016 నుంచి సగం వార్డులు మహిళలవే. ఏ వార్డు ఎవరికి పడుతుందో తెలియదు కాబట్టి టికెట్ ఆశించే ఇళ్లు ముందుచూపుతో ఉన్నాయి. ఒక్కో ఇంటి నుంచి రెండు పేర్లు: కొడుకుది, కోడలిది.