చలకుర్తి పేరు పోయింది, మీ ఓటు పోలేదు

2025లో బిహార్‌లో ఓటర్ల జాబితా ప్రత్యేక సమగ్ర సవరణ మొదలైనప్పటి నుంచి నా ఫోనుకు విశ్రాంతి లేదు. బడిపంతులు ఉద్యోగంతో పాటు ఏళ్ల తరబడి ఈ జాబితాల పని కూడా మోసినవాణ్ణి కాబట్టి తెలిసినవాళ్లంతా నాకే చేస్తారు. ఈ సవరణలో పాత జాబితాలో మన పేరో, అమ్మానాన్నల పేరో చూపించాలి. తెలంగాణలో ఆ పాత జాబితా 2002ది. అందుకే అందరి ప్రశ్నా ఒకటే: అందులో మా పేర్లు ఎందుకు కనబడటం లేదు?

అపోహ: 2002 జాబితాలో నాగార్జునసాగర్ నియోజకవర్గమే లేదు. అంటే మా పేర్లు తీసేశారు.

వాస్తవం: 2002లో ఆ పేరుతో నియోజకవర్గం లేదు, ఉన్నది చలకుర్తి. పెద్దవూర మండలంలోని ఒక పల్లె పేరది. ఆ పల్లె పేరు మీదే దశాబ్దాల పాటు ఎన్నికలు జరిగాయి. 2001 జనాభా లెక్కల ఆధారంగా జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిన నియోజకవర్గాల పునర్విభజన 2008లో అమల్లోకి వచ్చింది. అప్పుడు చలకుర్తి పోయి నాగార్జునసాగర్ వచ్చింది. 2009లో మొదటిసారి ఆ పేరుతో ఓట్లు వేశాం. కాబట్టి పాత జాబితాలో వెతకాల్సింది చలకుర్తి కింద. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది రాత్రుళ్లు నిద్ర మానుకున్నారో!

పేరు మాత్రమే మారిందనీ అనుకోవద్దు. పునర్విభజనలో హద్దులు కూడా కదిలాయి. ఇప్పుడు సాగర్‌లో ఉన్న ప్రతి ఊరూ అప్పుడు చలకుర్తిలోనే ఉండాలని లేదు. అక్కడ దొరకకపోతే పక్క నియోజకవర్గాలు చూడండి. ఇంట్లో పాత గుర్తింపు కార్డు ఉంటే వెనక్కి తిప్పండి, శాసనసభ నియోజకవర్గం పేరు అక్కడే ఉంటుంది.

మొన్న పెద్దవూర వైపు నుంచి ఒకావిడ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం. ఫోనులో వెతికి, లేదని తేల్చేసి, తల్లిని ఏడిపించి మరీ తీసుకొచ్చాడు. చలకుర్తి తెరిచి, ఆవిడ ఊరి పోలింగ్ కేంద్రం పట్టుకున్నాం. అయినా పేరు కనబడలేదు. జాబితా ఇంటి నంబర్ల వరుసలో ఉంటుంది కదా, అందుకని "మీ పక్కింట్లో ఎవరుండేవాళ్లమ్మా?" అని అడిగాను. ఆవిడ చెప్పిన పేరు దొరికింది. దాని కింద రెండు వరుసల తర్వాత భర్త పేరు, ఆ పక్కనే ఈవిడ. లక్ష్మమ్మ కాస్తా లచ్చమ్మ అయి కూర్చుంది. కళ్లు తుడుచుకుని, వయసు చదివించుకుని, "అప్పుడు నాకు నలభై కూడా లేవు, నలభై ఆరని రాసిందెవరు?" అని కోప్పడింది. ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగి రాసుకున్నది నేనే. ఆ సంగతి మాత్రం చెప్పలేదు.

ఈ గందరగోళం సాగర్‌కే పరిమితం కాదు. దుబ్బాక వాళ్లు దొమ్మాట, హుజూరాబాద్‌లోని కమలాపూర్ వాళ్లు కమలాపూర్, హుస్నాబాద్ వైపు వాళ్లు ఇందుర్తి, ధర్మపురి వైపు వాళ్లు బుగ్గారం పేర్లతో చూడాలి. రామన్నపేట నియోజకవర్గం లేకుండా పోయింది, ఆ ఊరు ఇప్పుడు నకిరేకల్‌లో ఉంది.

అపోహ: ఈ మార్పులు తెలంగాణ వచ్చాక జరిగాయి.

వాస్తవం: కాదు. తెలంగాణలోని 119 స్థానాలు 2009 నుంచీ ఉన్నవే. 2016లో మారినవి జిల్లాలు. సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వాళ్లు పాత జాబితాను నల్గొండ జిల్లా కింద వెతకాలి.

అపోహ: మిర్యాలగూడ రద్దయింది.

వాస్తవం: రద్దయింది లోక్‌సభ స్థానం. 1999, 2004లో జైపాల్ రెడ్డి గెలిచింది అక్కడే. మిర్యాలగూడ శాసనసభ స్థానం నిక్షేపంగా ఉంది.

అపోహ: మాజీ మంత్రి జానారెడ్డి చలకుర్తి వదిలి సాగర్‌కు వెళ్లిపోయారు.

వాస్తవం: చలకుర్తే లేనప్పుడు అక్కడ ఎలా పోటీ చేస్తారు? 1983 నుంచి 2004 దాకా అక్కడ ఐదుసార్లు గెలిచారు, 1994లో ఓడారు. 2009, 2014లో సాగర్ నుంచి గెలిచారు. టీ కొట్టు దగ్గర దీని మీద పందేలు కాసేవాళ్లు ముందు ఇంటికెళ్లి పాత జాబితాలో అమ్మానాన్నల పార్ట్ నంబరు (పోలింగ్ కేంద్రం భాగం సంఖ్య), వరుస సంఖ్య కాగితం మీద రాసిపెట్టుకోండి.